పాప వేళలు, ఈగల వేళలు: నా అనుభవం

నేను జన్యుశాస్త్రంలో పరిశోధన చేస్తాను. నా పనంతా పండ్ల ఈగల మీద, అంటే డ్రోసోఫిలా మీద. పాప కడుపున పడేనాటికి పోస్ట్‌డాక్‌లో, అంటే పీహెచ్‌డీ తర్వాతి తాత్కాలిక పరిశోధన ఉద్యోగంలో, ఉన్నాను. ఇప్పుడు సొంత ల్యాబ్ ఉంది, పాప బడికి వెళ్తోంది. ల్యాబ్‌లో చేరే విద్యార్థులు, సెమినార్ల దగ్గర కలిసే కుర్ర శాస్త్రవేత్తలు కాస్త చనువు ఏర్పడగానే అడిగే ప్రశ్న ఒకటుంది: "రెండూ ఎలా నెట్టుకొచ్చారు మేడమ్?" ఈ మధ్య అబ్బాయిలు కూడా అడుగుతున్నారు, అది నాకు చాలా సంతోషం. కాఫీ విరామంలో నిలబడి చెప్పే జవాబు దీనికి చాలదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ముందే ఒక మాట. పొద్దున్నే లేవడం, రాత్రి ఆలస్యంగా పడుకోవడం, చేయాల్సిన పనులు లిస్టు రాసుకోవడం, ఇవన్నీ నేనూ చేశాను. ఒంట్లో ఓపికను ఎంత పిండుకున్నా రోజు పొడుగు పెరగదు. ప్రయోగాల వేళలనే మార్చుకోవడం మొదలుపెట్టాక నాకు దారి దొరికింది. అవి మారని చోట పక్కవాళ్లు ఆదుకున్నారు. పక్కవాళ్ల చేతిలో లేనివి కొన్ని ఉంటాయి, వాటికి నిబంధనలే మారాలి.

నెల తప్పిందని తెలిసేసరికి నేను మ్యుటేషన్ల కోసం, అంటే జన్యువుల్లో మార్పుల కోసం, వేల ఈగలను వడపోసి చూసే పెద్ద స్క్రీన్ ఒకటి మొదలుపెట్టబోతున్నాను. ఈఎంఎస్ అనే రసాయనాన్ని చక్కెర నీళ్లలో కలిపి మగ ఈగలకు రాత్రంతా తాగిస్తాం. అది వాటి వీర్యకణాల డీఎన్ఏలో అక్కడక్కడ మార్పులు తెస్తుంది, ఎక్కువగా డీఎన్ఏ అక్షరాల్లో జీ-సీ జత ఉన్న చోట ఏ-టీ జత వస్తుంది. ఆ మగవాటిని ఆడ ఈగలతో కలిపి, తర్వాతి తరాల్లో ఏ తేడా వచ్చిందో వెతుకుతాం. ఈగ డీఎన్ఏను మార్చే రసాయనం మనిషి డీఎన్ఏనూ మారుస్తుంది. కాబట్టి గర్భంతో ఉన్నవాళ్లు ఆ సీసా ఉన్న హుడ్, అంటే ఆవిరిని బయటికి లాగే అర, దగ్గరికి కూడా వెళ్లకూడదు.

చాలామంది మూడు నెలలు నిండేదాకా ఈ విషయం బయట పెట్టరు. నాకూ అలాగే ఉండాలనిపించింది. కానీ పిండంలో అవయవాలు రూపుకట్టేది మూడో వారం నుంచి ఎనిమిదో వారం మధ్యలోనే. అంటే అందరికీ చెప్పే వేళకు అసలు జాగ్రత్త పడాల్సిన కాలం దాటిపోతుంది. రసాయనాలతో, రేడియోధార్మిక పదార్థాలతో పనిచేసేవాళ్లు ఈ సంగతి బాగా గుర్తుపెట్టుకోవాలి. గర్భం సంగతి తెలియజేశాక పిండానికి పని వల్ల అదనంగా అందే రేడియేషన్ 1 మిల్లీసీవర్ట్ దాటకూడదని అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ సంఘం, అంటే ఐసీఆర్‌పీ, సిఫారసు. మనం చెబితేనే ఆ లెక్క మొదలవుతుంది. నేను మా ప్రొఫెసర్ గదికి వెళ్లి, తలుపు వేసి, ఉన్నమాట చెప్పేశాను.

"మంచి వార్త చెప్పావమ్మా. ఈఎంఎస్ నువ్వు ముట్టుకోకు. ఆ ఒక్క పనీ ఇంకొకరు చేస్తారు, స్క్రీన్ మాత్రం నీదే" అన్నారాయన. ఆ చివరి మాట కోసమే నేను భయపడుతూ వెళ్లాను. కడుపుతో ఉందని ప్రాజెక్టును పక్కవాళ్లకు ఇచ్చేయడం నేను కళ్లారా చూసిన విషయం. అది దయగానే చేస్తారు, "నీకెందుకు ఈ శ్రమ" అంటూనే చేస్తారు. ఏడాది తిరిగేసరికి ఆ పేపర్‌లో ఆమె పేరు ఎక్కడో మధ్యలో ఉంటుంది.

వేవిళ్ల రోజుల్లో నాకు పడనిది ఈగల మేత వండే గది. మొక్కజొన్న పిండి, ఈస్ట్, అగర్ పెద్ద పాత్రలో ఉడుకుతుంటాయి. బూజు పట్టకుండా చివర్లో ప్రొపియోనిక్ ఆమ్లం కలుపుతారు. ఆ ఘాటు ముక్కులోకి వెళ్తే గంటసేపు తేరుకోలేను. ఆ మేత పోసిన వయల్స్, అంటే చిన్న సీసాలు, చల్లారి, దూది పెట్టి, ట్రేలలో సర్దిన తర్వాతే నా బల్ల మీదికి వచ్చేలా మా ల్యాబ్ టెక్నీషియన్ ఏర్పాటు చేసింది. నేను అడగలేదు. తనకు ఇద్దరు పిల్లలు.

సెలవు దగ్గరపడుతుంటే అసలు టెన్షన్ పట్టుకుంది. ఈగలు బతికున్న జీవాలు. వాటిని ఫ్రీజర్‌లో పెట్టి తాళం వేసి వెళ్లిపోలేం. ఒక్కో రకాన్ని, మా మాటల్లో ఒక్కో స్టాక్‌ను, ఒక్కో వయల్‌లో తరం తర్వాత తరంగా పెంచుతూ పోవాలి. 25 డిగ్రీల దగ్గర గుడ్డు నుంచి ఈగ బయటికి రావడానికి దాదాపు 10 రోజులు పడుతుంది. 18 డిగ్రీలకు దించితే ఆ కాలం దాదాపు రెట్టింపవుతుంది. రెండు వారాలకోసారి కొత్త వయల్‌లోకి మార్చాల్సిన స్టాక్‌ను చల్లటి గదిలో పెడితే నెలకోసారి మారిస్తే చాలు. ప్రసవానికి ముందు వారాల్లో నేను చేసింది అదే. తప్పనిసరిగా కావాల్సిన స్టాక్స్ ఏవి, మళ్లీ స్టాక్ సెంటర్ నుంచి తెప్పించుకోగలిగినవి ఏవి అని వేరుచేశాను. ఉంచుకున్నవాటిని రెండేసి జతలుగా 18 డిగ్రీల గదిలో, వేర్వేరు అరల్లో పెట్టాను. నాతోపాటు చేరిన ఇంకో పోస్ట్‌డాక్ నెలకోసారి వాటిని మార్చిపెట్టాడు. తర్వాత అతను పెళ్లి పనులకని వెళ్లినప్పుడు అతని స్టాక్స్ నేను చూశాను. ఇలాంటి ఇచ్చిపుచ్చుకోవడాలు ఏ అగ్రిమెంట్‌లోనూ ఉండవు, అవి లేకపోతే మాత్రం ఏ ల్యాబూ నడవదు.

పాప పుట్టింది. ఆ నెలల గురించి ఇక్కడ ఎక్కువ రాయను, బిడ్డను పెంచిన ప్రతివాళ్లకూ తెలిసినవే. ఆ రోజుల్లో నేను పేపర్లు చదవలేదు, మెయిల్స్‌కు జవాబులు ఇవ్వలేదు. సెలవంటే సెలవే.

తిరిగి చేరాక మొదట ఎదురైంది పాల సమస్య. చంటిబిడ్డ తల్లి మూడు గంటలకోసారైనా పాలు తీయాలి, లేకపోతే రొమ్ములు గడ్డకట్టి జ్వరం వస్తుంది, పాలూ తగ్గిపోతాయి. తీసిన పాలు గది వేడిలో 4 గంటల వరకు, ఫ్రిజ్‌లో 4 రోజుల వరకు నిలువ ఉంటాయి. ల్యాబ్ నిండా ఫ్రిజ్‌లే, కానీ రసాయనాలు, యాంటీబాడీలు ఉన్న ఫ్రిజ్‌లో తినేవి, తాగేవి పెట్టకూడదన్నది ఏ ల్యాబ్‌లోనైనా మొదటి నియమం. పాలు తీయడానికి నాకు ముందు చూపించిన చోటు టాయిలెట్. మేం బ్యాక్టీరియా ప్లేట్లను కూడా అలాంటి చోట తెరవం, బిడ్డ తాగే పాలు అక్కడ ఎలా తీస్తాను? మైక్రోస్కోప్ గది పక్కన పాత ఫైళ్లు, అట్టపెట్టెలు పడేసిన చిన్న గది ఉండేది. అది అడిగాను. లోపల గడియ, ఒక ప్లగ్ పాయింట్, కుర్చీ, పాల కోసమే ఒక చిన్న ఫ్రిజ్, అంతే కావాల్సింది. అది సమకూరడానికి మెయిల్ మీద మెయిల్ పెట్టాల్సి వచ్చింది. నా తర్వాత ఆ గదిని ఇంకా చాలామంది వాడారు, ఇప్పటికీ వాడుతున్నారు.

ఇక అసలు చిక్కు. మా ఈగల పనిలో అన్నిటికన్నా గడియారానికి కట్టిపడేసేది వర్జిన్స్ సేకరణ, అంటే ఇంకా జతకట్టని ఆడ ఈగలను ఏరడం. ఏ మగ ఈగతో ఏ ఆడ ఈగను కలిపామో కచ్చితంగా తెలియాలంటే ఆ ఆడ ఈగ అంతకుముందు ఎవరితోనూ జతకట్టి ఉండకూడదు. ఒకసారి జతకడితే వీర్యాన్ని ఒంట్లో దాచుకుని రోజుల తరబడి గుడ్లు పెడుతూ ఉంటుంది. అప్పుడు మన క్రాస్, అంటే మనం ఎంచి కలిపిన జత, మొత్తం పాడైనట్టే. అదృష్టం ఏమిటంటే, ప్యూపా నుంచి, అంటే ఈగగా మారే ముందు ఉండే గూడులాంటి దశ నుంచి, బయటికి వచ్చాక 25 డిగ్రీల దగ్గర దాదాపు 8 గంటల వరకు ఆడ ఈగ జతకట్టదు. 18 డిగ్రీల దగ్గర ఆ గడువు దాదాపు 16 గంటలు. అందుకే ఈగల ల్యాబుల్లో పొద్దున వచ్చి సీసాలు ఖాళీ చేసి, సాయంత్రం ఒకసారి ఏరి, రాత్రికి చల్లటి గదిలో పెట్టి, పొద్దున్నే మళ్లీ ఏరుతారు. ఇందులో ఏ ఒక్క పూట తప్పినా ఆ సీసాలోని ఆడ ఈగలను నమ్మలేం.

కార్బన్ డయాక్సైడ్ ప్యాడ్ మీద మత్తులో పడి ఉన్న ఈగలను మైక్రోస్కోప్ కింద సన్నటి కుంచెతో అటూ ఇటూ జరుపుతూ ఏరుతాం. అప్పుడే బయటికి వచ్చిన ఆడ ఈగ పాలిపోయి, కాస్త ఉబ్బి ఉంటుంది. రెక్కలు ఇంకా పూర్తిగా విచ్చుకోవు. పొట్ట అడుగున పల్చటి చర్మం వెనక ఒక ముదురు మచ్చ కనిపిస్తుంది, ప్యూపా దశలో పేగులో మిగిలిపోయిన పదార్థం అది. ఆ మచ్చ ఉంటే ఇంకేమీ చూడక్కర్లేదు, అది వర్జినే. ఈ పనికి చూపు నిలవాలి, చెయ్యి నిదానంగా ఉండాలి. ఒక చెవి ఫోన్ మీద పెట్టి చేసే పని కాదు. నా ఫోన్ మోగేది సరిగ్గా సాయంత్రం ఏరే వేళకే. "పాపకు ఒళ్లు వెచ్చగా ఉంది, వచ్చి తీసుకెళ్లండి" అని క్రెష్ నుంచి.

మొదట్లో ఈగలను ప్యాడ్ మీదే వదిలేసి పరుగెత్తేదాన్ని. మత్తులో ఎక్కువసేపు ఉంటే అవి చచ్చిపోతాయి. కాబట్టి ఆ పూట పనీ పోయేది, మర్నాడు పొద్దుటి పనీ పోయేది. వారంలో రెండుసార్లు ఇలా జరిగితే ఆ నెల క్రాస్‌లు వెనక్కి పోతాయి. అప్పుడే, ఈ సాయంత్రపు పూట అనేదే లేకుండా చేయలేమా అని కూర్చుని ఆలోచించాను.

రెండు ఉపాయాలు దొరికాయి, రెండూ ఈ రంగంలో ఎప్పటినుంచో తెలిసినవే. ఒకటి, ఈగలు ప్యూపా నుంచి ఎక్కువగా తెల్లవారుజామునే బయటికి వస్తాయి. అది వాటి ఒంట్లోని గడియారం చేసే పని. 1971లో రొనాల్డ్ కొనోప్కా, సీమోర్ బెంజర్ ఆ గడియారం చెడిన ఈగలను పట్టుకున్నది కూడా ఇలా బయటికి వచ్చే వేళలను గమనించే. ఆ దారిలో సాగిన పనికే 2017లో జెఫ్రీ హాల్, మైఖేల్ రాస్‌బాష్, మైఖేల్ యంగ్‌లకు నోబెల్ వచ్చింది. ఈగలకు తెల్లవారుజాము అంటే ఇంక్యుబేటర్‌లో, అంటే వేడి, వెలుగు అదుపులో ఉంచే పెట్టెలో, దీపం వెలిగే వేళ. నేను టైమర్‌ను వెనక్కి జరిపి, దీపం పొద్దున పది గంటలకు వెలిగేలా పెట్టాను. ఆ వెలుగులోనే పుట్టి పెరిగిన తరం పది గంటల ప్రాంతంలో గుంపుగా బయటికి రావడం మొదలుపెట్టింది. పాపను క్రెష్‌లో దింపి, వచ్చి, కోటు వేసుకుని కూర్చునేసరికి సీసాల్లో తాజా ఈగలు. మధ్యాహ్నం భోజనానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి ఏరితే రోజుకు కావాల్సినవి దొరికిపోయేవి. సాయంత్రం, రాత్రి వచ్చే కాసినిటిని వదులుకున్నాను.

రెండోది ఇంకా మేలైంది. కొన్ని ప్రత్యేక స్టాక్స్‌లో మగ ఈగల వై క్రోమోజోమ్ మీద, వేడి తగిలితే పనిచేసే హిడ్ అనే జన్యువు ఉంటుంది. కణాలను చంపే జన్యువు అది. పిల్ల దశల్లో ఆ సీసాను 37 డిగ్రీల నీళ్లలో కొంతసేపు ఉంచితే మగవన్నీ చచ్చిపోతాయి. బయటికి వచ్చేవన్నీ ఆడవే. చుట్టూ మగ ఈగే లేదు కాబట్టి ఎప్పుడు ఏరినా వర్జిన్సే. నాకు తరచుగా కావాల్సిన ఆడ ఈగలకు ఆ వై క్రోమోజోమ్‌ను చేర్చిన స్టాక్స్ కట్టుకోవడానికి కొన్ని తరాల క్రాస్‌లు పట్టాయి, అంటే కొన్ని నెలలు. ఆ నెలల్లో కొత్త ఫలితం ఏదీ రాలేదు, ల్యాబ్ మీటింగుల్లో చూపించడానికి ఏమీ ఉండేది కాదు. కానీ ఆ తర్వాత క్రెష్ నుంచి ఫోన్ వస్తే సీసాను అలాగే వదిలి వెళ్లగలిగాను. మర్నాడు వచ్చి ఏరినా తేడా లేదు. ల్యాబ్‌లో పిల్లలు లేనివాళ్లు కూడా ఆ స్టాక్స్ అడిగి పట్టుకెళ్లారు. శనివారం సాయంత్రాలు అందరికీ కావాల్సిందే కదా.

అక్కడినుంచి నా ప్రోటోకాల్స్, అంటే ప్రయోగం అంచెలంచెలుగా రాసుకున్న కాగితాలు, అన్నీ తీసి, ఎక్కడ ఆగొచ్చు, ఎక్కడ ఆగకూడదు అని చూసి, ఆగొచ్చన్న చోట ఎర్ర గీత పెట్టాను. ఉదాహరణకు ఈగ పిండాలను మైక్రోస్కోప్ కోసం సిద్ధం చేసే పని. పైపెంకును బ్లీచ్‌తో తీసేసి, హెప్టేన్, ఫార్మాల్డిహైడ్ కలిపిన సీసాలో కొద్దిసేపు కుదిపి, తర్వాత మిథనాల్ పోసి గట్టిగా ఊపితే లోపలి పొర పగిలి పిండాలు అడుగుకు దిగుతాయి. మొదలుపెట్టాక ఇక్కడిదాకా మధ్యలో లేవడానికి లేదు. కానీ మిథనాల్‌లోకి చేరాక వాటిని మైనస్ 20 డిగ్రీల దగ్గర నెలల తరబడి ఉంచొచ్చు. కాబట్టి ఆ పని పొద్దున పూట మాత్రమే పెట్టుకునేదాన్ని, మిథనాల్ దగ్గర ఎర్ర గీత. యాంటీబాడీలో నానబెట్టడం 4 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంటుంది, అవసరమైతే ఇంకో రాత్రి ఉన్నా పర్వాలేదు, అక్కడో గీత. డీఎన్ఏ తీసేటప్పుడు ఇథనాల్ పోసి ఫ్రీజర్‌లో పెట్టాక మరో గీత. ఏ ప్రయోగమైనా మొదలుపెట్టే ముందు నేను చూసేది తర్వాతి ఎర్ర గీతకు ఎన్ని గంటలన్నదే. పాప నలతగా ఉన్న రోజు పొడుగాటి పని ముట్టుకోను. జ్వరం వచ్చిన పిల్లల్ని ఏ క్రెష్ కూడా ఉంచుకోదు, మొదటి రెండేళ్లూ పిల్లలకు ఏదో ఒక జలుబు, దగ్గు వస్తూనే ఉంటాయి. అది ముందే లెక్కలో ఉండాల్సిన విషయం.

ఇంట్లో సంగతి కూడా చెప్పాలి. మా ఆయనది వేరే రంగం. మొదట్లో ప్రతి సాయంత్రాన్నీ ఇద్దరం చెరి సగం పంచుకున్నాం. వినడానికి న్యాయంగా ఉంటుంది గానీ అలా చేస్తే ఇద్దరికీ ఏ రోజూ పూర్తిగా దొరకదు. ఏడింటికి ఇల్లు చేరాలన్న ఆలోచన నాలుగింటి నుంచే బుర్రలో తిరుగుతుంటుంది. అందుకని రోజులు పంచుకున్నాం. వారంలో రెండు సాయంత్రాలు పూర్తిగా నావి, రెండు పూర్తిగా ఆయనవి. నా సాయంత్రం ఆయన నాకు ఫోన్ కూడా చేయరు. నా ప్రొఫెసర్‌తో పొడుగాటి చర్చలు, కన్‌ఫోకల్ మైక్రోస్కోప్ బుకింగ్స్ ఆ రెండు రోజులకే పెట్టుకునేదాన్ని.

క్రెష్ ఫారంలో మొదటి ఫోన్ నంబరు ఆయనది రాశాం. అయినా వాళ్లు నాకే చేసేవాళ్లు. "వాళ్ల నాన్నగారికి చేయండి, ఆయనే వస్తారు" అని ప్రతిసారీ నెమ్మదిగా చెప్పాను. మా ఆయన స్వయంగా వెళ్లి, "నేను తీయకపోతేనే తనకు చేయండి" అని చెప్పారు. కొన్ని నెలలకు అలవాటు పడ్డారు. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ నా పరిశోధనకు దానివల్ల జరిగిన మేలు చాలా పెద్దది. ఇంకో సంగతి, పాపకు జ్వరమని ఆఫీసు నుంచి మధ్యలో వచ్చేసినందుకు ఆయన్ను అక్కడ మెచ్చుకునేవాళ్లు, ఎంత మంచి నాన్న అని. అదే కారణంతో నేను వచ్చేస్తే, ఈమె పని మీద మనసు పెట్టడం లేదు అనుకునేవాళ్లు ఉన్నారు. ఇది ఆయనే గమనించి నాతో అన్నారు.

పేపర్ రాయడం పాప నిద్రపోయాక సాగేది. ఏకబిగిన మూడు గంటలు కూర్చుని రాసే రోజులు పోయాయి. దొరికిన ముప్పావుగంటలో రాసేదాన్ని. లేచే ముందు తర్వాత రాయాల్సిన వాక్యం ఏమిటో, ఏ బొమ్మ గురించో ఒక ముక్క రాసి పెట్టేదాన్ని. మర్నాడు ఎక్కడ ఆపానో వెతుక్కునే పని ఉండేది కాదు. ఆ స్క్రీన్ పేపర్ అలా ముక్కలు ముక్కలుగానే పూర్తయింది. అందులో మొదటి పేరు నాదే.

ఆ తర్వాత సొంత ల్యాబ్ కోసం దరఖాస్తులు. నేను ఎంత సర్దుకున్నా మార్చలేకపోయింది ఇక్కడే ఎదురైంది. చాలా గ్రాంట్లకు పీహెచ్‌డీ వచ్చి ఇన్నేళ్లలోపు అన్న గడువు ఉంటుంది. ఆ గడియారం ప్రసవం రోజున ఆగదు. ఒక ఇంటర్వ్యూలో కమిటీ సభ్యుడు ఒకరు నా ఫలితాల బొమ్మలు చూడకుండా, నా సీవీలో ఖాళీగా ఉన్న ఏడాదిన్నర మీద వేలు పెట్టి, "ఈ కాలంలో ఏం చేస్తున్నారు?" అని అడిగారు. పాప పుట్టిందని చెప్పాను. "మళ్లీ పిల్లల ఆలోచన ఉందా?" అన్నది తర్వాతి ప్రశ్న. నేను జవాబు ఇవ్వలేదు, నా ప్రయోగాల గురించి అడగమని కోరాను. ఆ పదవి నాకు రాలేదు. ఆ ప్రశ్న అడగడం తప్పని ఆ గదిలో ఇంకెవరికీ అనిపించకపోవడం నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఇది మారనిదేమీ కాదు. యూరోపియన్ రీసెర్చ్ కౌన్సిల్ తన గ్రాంట్ల గడువును తల్లులకు ఒక్కో బిడ్డకు 18 నెలల చొప్పున పొడిగిస్తూ వచ్చింది, తండ్రులకు వాళ్లు నిజంగా తీసుకున్న సెలవు మేరకు. ఈగ పిండాల మీద చేసిన పనికి 1995లో నోబెల్ అందుకున్న క్రిస్టియానె న్యూస్లైన్-ఫోల్‌హార్డ్ 2004లో జర్మనీలో ఒక ఫౌండేషన్ పెట్టారు. పిల్లలున్న యువ మహిళా శాస్త్రవేత్తలకు, ఇంటిపనికి మనిషిని పెట్టుకోవడానికి, పిల్లల సంరక్షణకు అది నెలనెలా డబ్బు ఇస్తుంది. నాకు ఆ ఆలోచన ఎంతో నచ్చింది. ప్రయోగాలకు కావాల్సిన రసాయనాలకు, యంత్రాలకు డబ్బు ఇచ్చే సంస్థలు చాలా ఉన్నాయి. ఇల్లు తుడవడానికి ఇంకొకరికి జీతం ఇస్తే శాస్త్రవేత్తకు రెండు గంటలు మిగులుతాయని గుర్తించి, ఆ రెండు గంటలను కొనిచ్చే సంస్థ అది.

మా రంగంలోనే అంతకుముందు కథ లిలియన్ మోర్గన్‌ది. పిండశాస్త్రంలో మంచి పని చేసిన ఆమె, 1904లో, తర్వాత ఈగల జన్యుశాస్త్రానికి పునాది వేసిన థామస్ హంట్ మోర్గన్‌ను పెళ్లి చేసుకుని, నలుగురు పిల్లల్ని పెంచుతూ ఏళ్ల తరబడి ల్యాబ్‌కు దూరమయ్యారు. పిల్లలు పెద్దవాళ్లయ్యాక తిరిగి వచ్చి, రెండు ఎక్స్ క్రోమోజోములు ఒకదానికొకటి అతుక్కుపోయిన ఈగలను కనిపెట్టారు. ఆ పేపర్ 1922లో వచ్చింది, అప్పటికి ఆవిడకు యాభై దాటాయి. అటాచ్డ్-ఎక్స్ అని పిలిచే ఆ ఈగలను ఇప్పటికీ మేం వాడుతున్నాం, నా చల్లటి గదిలో కూడా ఉన్నాయి. అంత పని చేసినా ఆమెకు అధికారికంగా ఒక పదవి దక్కింది భర్త పోయాక, 1946లో. డెబ్బై అయిదేళ్లు నిండాక. ఆ స్టాక్ వయల్ మార్చేటప్పుడల్లా ఆవిడ గుర్తొస్తారు. ఆ మధ్య ఏళ్లలో ఆవిడ మనసులో ఎన్ని ప్రయోగాలు మెదిలి ఉంటాయో, వాటిలో ఎన్ని చేయకుండానే మిగిలిపోయాయో అనిపిస్తుంది.

నాకు ల్యాబ్ దొరికింది. ఇక్కడ కొన్ని పద్ధతులు మొదటి నుంచే పెట్టాను. ల్యాబ్ మీటింగులు నాలుగు దాటితే ఉండవు. ప్రతి స్టాక్‌కూ ఇద్దరు బాధ్యులు, ఒకరు రాకపోయినా అది చావదు. ప్రోటోకాల్ ఎవరు రాసినా ఎర్ర గీతలు పెట్టాల్సిందే. ఎవరైనా సెలవుకు వెళ్తుంటే, అప్పటిదాకా చేసిన పనికి పేపర్‌లో పేరు ఎక్కడ ఉంటుందో వెళ్లే ముందే రాసుకుని ఇద్దరం సంతకం చేస్తాం. ఒక అబ్బాయి కొడుకు పుట్టాక సెలవు అడగడానికి మొహమాటపడితే, నేనే ఫారం తెచ్చి చేతిలో పెట్టాను. పాప కూడా అప్పుడప్పుడు వస్తుంది. పొట్ట చివర నల్లగా ఉంటే మగ ఈగ అని నేర్చుకుంది. మైక్రోస్కోప్ కింద దూది ముక్క పెట్టి చూడటం తనకు ఇంకా ఇష్టం.

కొన్ని ఇప్పటికీ కుదరలేదు. దూరపు కాన్ఫరెన్సులు చాలా వదులుకున్నాను. కొత్త పద్ధతుల గురించి నడవాల్లో జరిగే మాటలు, సాయంత్రం బల్లల దగ్గర కుదిరే సహకారాలు పేపర్లు చదివితే దొరకవు. ఆ నష్టం నాకు తెలుస్తూనే ఉంటుంది. ఇప్పుడు ఎవరు ఆహ్వానించినా, పిల్లల్ని చూసుకునే ఏర్పాటు ఉందా అని మొదటి మెయిల్‌లోనే అడుగుతాను. లేదంటే, నా తర్వాత వచ్చేవాళ్ల కోసమైనా పెట్టమని రాస్తాను.

ఈ మధ్య నన్నూ ఒక ఎంపిక కమిటీలో వేశారు. దరఖాస్తులు చదివే ముందు ఒక పని చేద్దామని అడిగాను: ప్రతి ఒక్కరి పేపర్లనూ పీహెచ్‌డీ నుంచి గడిచిన ఏళ్లతో కాకుండా, నిజంగా పరిశోధన చేసిన ఏళ్లతో చూద్దాం, సెలవులు తీసేసి లెక్కకడదాం. ఒకరిద్దరు అది కష్టమన్నారు. నేనే కూర్చుని అందరి లెక్కలూ వేసి పట్టిక ఇచ్చాను. ముందు జాబితాలో అడుగున ఉన్న ఒక అభ్యర్థి, ఇద్దరు పిల్లల తండ్రి, రెండుసార్లు పూర్తి సెలవు తీసుకున్న మనిషి, కొత్త పట్టికలో పైకి వచ్చాడు. అతన్ని ఇంటర్వ్యూకు పిలిచాం. ఆ గదిలో పిల్లల ప్రస్తావన ఎవరూ తేలేదు. ఇచ్చిన సమయమంతా అతని ప్రయోగాల గురించే అడిగాం.